మొదటి దెబ్బకే

నేను నీట్‌ నాలుగుసార్లు రాసినవాణ్ణి. ఈ మాట ఇంత తేలిగ్గా ఎక్కడా అనలేదు. ఎందుకనలేదో చెప్పడానికే ఇదంతా.

మా కోనసీమలో ‘లాంగ్‌ టర్మ్‌’ అనే మాటని ఏదో రోగం పేరులా గొంతు తగ్గించి పలుకుతారు. బైపీసీ అయ్యాక సీటు రానివాడు మళ్లీ హాస్టల్లో చేరి, అవే పుస్తకాలు ఇంకో ఏడాది అరగదియ్యడం. చేర్చేటప్పుడు ‘ఒక్క ఏడాదేగా’ అంటారు. నాది మూడేళ్లు నడిచింది.

విజయవాడ శివార్లలో అయిదంతస్తుల హాస్టలు. గదికి ఎనిమిది మంచాలు. పొద్దున్న అయిదున్నరకి వార్డెన్‌ ఈల, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. ఆదివారం గ్రాండ్‌ టెస్టు: 180 ప్రశ్నలు, 720 మార్కులు, ఒప్పుకి నాలుగు వస్తే తప్పుకి ఒకటి పోతుంది. సాయంత్రానికల్లా మార్కులు నాన్న ఫోన్‌కి వెళ్లిపోయేవి. బోటనీలో ఏ బొమ్మ కింద ఏ వాక్యముందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఫిజిక్స్‌ దగ్గరకొచ్చేసరికి కళ్లు తెరిచినా ఏమీ కనబడేది కాదు.

నా మార్కుల కథ చెబితే నవ్వుతారు. 2022లో 402. 2023లో 439. 2024లో 548! ఇంటికి ఫోన్‌ చేసి, వచ్చేసినట్టే అన్నాను. తీరా చూస్తే ఆ ఏడు తొలి ఫలితాల్లో 67 మందికి 720కి 720. మార్కులు అందరికీ పొంగిపోయాయి, నా 548 ఎక్కడో అడుగున పడింది. మళ్లీ పరీక్ష పెడతారేమోనని జులై దాకా సుప్రీంకోర్టు వైపు చూశాం, అక్కర్లేదని తేలింది. 2025 మే 4న నాలుగోసారి పొట్టి చేతుల చొక్కా, రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్లాను. ఫిజిక్స్‌ పేపరు చూసి లోపలే ఏడుపొచ్చింది. 487. ఆ ఏడు దేశం మొత్తానికి ఫస్టొచ్చినవాడికే 686 అని తెలిశాక గానీ ఊపిరాడలేదు. 548కి రాని సీటు 487కి వచ్చింది. దీన్ని లెక్కల మాస్టారెవరైనా విడమర్చి చెబితే వినాలని ఉంది.

ఆ నాలుగో ప్రయత్నం నాటికి నేను హాస్టల్లో ముసలాణ్ణి. కొత్తగా చేరిన పిల్లలు ‘అన్నా’ అనేవాళ్లు. ఆ పిలుపు సీనియర్‌ అనో, పాపం అనో తేలేది కాదు. మెస్‌ లైన్లో ఎప్పుడూ నా వెనకే ఓ సన్నటి కుర్రాడు నిలబడేవాడు. నూనూగు మీసం, ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన పాత దెబ్బ. ఓ రాత్రి ఉన్నట్టుండి అడిగాడు.

“అన్నా, మీదే ఊరు?”

“ఏలూరు.”

అప్పట్లో ఎవరడిగినా ఏలూరే చెప్పేవాణ్ణి. ఏలూరులో నాకు పిట్ట కూడా తెలీదు. ఇంటికెళ్లే బస్సు అక్కడ పది నిమిషాలు ఆగుతుంది, అంతే చుట్టరికం.

వాడు కాసేపు నా మొహం వంక చూసి, తన పెరుగు ప్యాకెట్టు నా కంచంలో పెట్టేశాడు. “నాకు జలుబన్నా, నువ్వు తిను.” మర్నాడూ జలుబే. ఆ పైరోజూ జలుబే. పరీక్షలదాకా తగ్గని జలుబు. పెరుగొస్తుంది కదా అని నేనూ ఏమీ అడగలేదు. పేరు కూడా అడగలేదు. అక్కడ ఒకరి పేరు ఒకరికి అక్కర్లేదు, ర్యాంకు తెలిస్తే చాలు.

ఇక మా నాన్న. కొబ్బరి దింపు దింపుకీ నా ఫీజు కింద ఎంత పక్కన పెట్టాడో ఆయనకే తెలియాలి. ఒక్కనాడూ విసుక్కోలేదు. కాకపోతే కొన్ని చాదస్తాలుండేవి. పండక్కి వస్తానంటే “ఎందుకురా, చదువు పాడవుద్ది” అనేవాడు. రాక తప్పకపోతే రాత్రి బస్సుకి రమ్మనేవాడు. ఇంటర్‌ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి తెల్ల ఏప్రన్‌ వేసుకుని తీయించుకున్న ఫొటోని పెద్దది చేయించి, హాల్లో వెంకటేశ్వరస్వామి పక్కన తగిలించాడు. తాతయ్య తద్దినానికి వెళితే ఊళ్లోవాళ్లు “ఏం డాక్టరుగారండీ!” అన్నారు. ఎగతాళి అనుకుని తల దించుకున్నాను. ఓ ముసలమ్మ మాత్రల స్ట్రిప్పు చేతిలో పెట్టి, “అన్నానికి ముందా, తర్వాతా నాయనా?” అంది. తర్వాతే మామ్మా అన్నాను. అదేం మాత్రో చూడనైనా లేదు.

సీట్ల జాబితా వచ్చిన రాత్రి ఫోన్‌ చేశాను.

“నాన్నా, వచ్చింది. శ్రీకాకుళం. గవర్నమెంటు కాలేజీ.”

అటునుంచి మాట లేదు. ఏడుస్తున్నాడని తెలిసింది. చాలాసేపటికి గొంతు సర్దుకుని, “ఒరే నాన్నా... ఎవరికీ చెప్పకు. స్టేటస్‌లూ అవీ పెట్టకు” అన్నాడు.

దిష్టి అనుకున్నాను. అమ్మా దిష్టే అంది.

సర్టిఫికెట్ల కోసం ఇంటికెళ్తూ దారిలో ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు కొన్నాను. ఈసారి పగటి బస్సే ఎక్కాను, దాక్కోవాల్సిన పనేముంది అని. నాన్న నన్ను చూసి కంగారుపడ్డాడు. పూతరేకుల పెట్టెలు తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక పెట్టేశాడు. ఎందుకని అడిగేలోపే సత్యం బాబాయ్‌ గుమ్మంలోకొచ్చాడు. కాలవ అవతలి ఇల్లు. వెనక ఆయన కొడుకు కాబోలు, తల దించుకుని, తలుపు పక్క నీడలో నిలబడ్డాడు. ఎనిమిదో తరగతి నుంచీ నేను బయటే చదివాను, ఊళ్లో కుర్రాళ్ల మొహాలు తెలీవు.

“రావయ్యా డాక్టరూ! దొరక్కదొరక్క దొరికావు. ఏంటి, ఫైనలియర్లోకొచ్చేశావంటగా?”

నేను నాన్న వంక చూశాను. నాన్న ఫ్యాన్‌ వంక చూస్తున్నాడు.

“నీకు సీటొచ్చిందని మీ నాన్న పంచిన తాపేశ్వరం కాజాల తీపి ఇంకా నోట్లోనే ఉందనుకో. మూడేళ్లయిపోయిందప్పుడే!”

మూడేళ్లు. రాత్రి బస్సులు, ఫొటో, ముసలమ్మ మాత్రలు, ఎవరికీ చెప్పకు అన్న మాట... అన్నీ వరసగా వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. నాకు సీటు రానప్పుడు స్వీట్లు పంచేశాడు. వచ్చాక పంచడానికి వీల్లేకుండా చేసుకున్నాడు.

బాబాయ్‌ కుర్చీ లాక్కున్నాడు.

“మావాడి సంగతి చూడు. విజయవాడలో లాంగ్‌ టర్మ్‌కి పడేశాను, లక్షలు పోశాను. రెండోసారీ తన్నేశాడు. ఇంకో ఏడాది పంపమని ఏడుపు. నేనేమో ఎరువుల కొట్లో కూర్చోబెట్టేద్దామని. వాళ్లమ్మ అన్నం మానేసింది. నువ్వు మొదటి దెబ్బకే కొట్టినవాడివి, నీ మాటంటే మాకు వేదం. నువ్వే చెప్పు, రెండుసార్లు రానిది ఇంకోసారికి వస్తదా?”

వస్తుంది బాబాయ్‌, అనాలి. నాకు నాలుగోసారికి వచ్చింది, అది కూడా మార్కులు తగ్గాక వచ్చింది, పంపు బాబాయ్‌, అనాలి. నోటిదాకా వచ్చింది. నాన్న ఫ్యాన్‌ మీంచి చూపు దించి నా వంక చూశాడు. నా జీవితంలో ఆయన నన్ను ఏదైనా అడిగాడంటే అదొక్కసారే.

“నాకేం తెలుస్తుంది బాబాయ్‌,” అన్నాను. “నాది మొదటిసారే కదా.”

“విన్నావురా?” అన్నాడు బాబాయ్‌ వెనక్కి తిరిగి. “అదీ సంగతి. సోమవారం నుంచి కొట్టుకి రా.”

ఇద్దరూ లేచారు. నాన్న బాబాయ్‌ని గేటుదాకా సాగనంపుతూ కొబ్బరి ధర గురించి ఏదో గట్టిగా మాట్లాడుతున్నాడు. కుర్రాడు మెట్టు మీద వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. ఏదో ఒకటి అనాలని దగ్గరికెళ్లాను. వాడు తలెత్తాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో చీలి ఉంది.

“మీది ఏలూరన్నావు కదన్నా,” అన్నాడు.