ఉపశిక్షకోపాఖ్యానము

అమెరికా కళాశాల ఫుట్‌బాల్ నందు ప్రధాన శిక్షకుని నియామకము విశ్వవిద్యాలయము వారి పని. సహాయ శిక్షకుని నియామకము మాత్రము అభిమానుల జన్మహక్కు. జనవరిలో పోటీలు ముగిసి బంతికి విశ్రాంతి దొరకినదే తడవుగా, దంతవైద్యులును, బీమా ఏజెంట్లును, బంతిని టీవీలో దక్క చేత తాకి యెఱుగని మహానుభావులును కొలువుదీరి, రక్షణ వ్యూహమునకు ఎవనిని పిలువవలెనో, ఎవనిని గెంటివేయవలెనో తేల్చి, వచ్చువాని జీతము సైతము తామే ఖాయపఱతురు. 2018లో పదవ సహాయకునికి అనుమతి లభించుటతో ఈ వివాదపర్వమునకు పదవ ఆశ్వాసము చేరినది. 2019లో లూసియానా స్టేట్ జట్టు, అప్పటికి ముప్పదియేండ్లు నిండని జో బ్రేడీని సహాయ శిక్షకునిగా తెచ్చుకొని, ఆడిన పదునైదు ఆటలును గెలిచి జాతీయ విజేత కాగా, వారము తిరుగకమునుపే ఆయన కరోలినా పాంథర్స్ అను వృత్తి జట్టు కొలువునకు తరలిపోయెను. అభిమానులకు మరల చేతినిండ పని దొరకెను.

గెలిచినచో “మేము ముందే చెప్పితిమి”, ఓడినచో “మా మాట వినిరి కారు.” ఉత్తమ సహాయకునికి 1996 నుండి బ్రాయిల్స్ పురస్కారము కలదు, ఉచిత సలహాదారునికి నేటికిని ఏదియు లేకపోవుట ఘోరాన్యాయము. పెద్దలు ఆలోచింతురు గాక!