ఛాంపియన్ కావలెను, గెలుపులతో పనిలేదు

ఏడాదంతా బాగా నడిపినవాడికే కప్పు ఇవ్వాలన్న పాతకాలపు చాదస్తాన్ని వదిలించుకోవడానికి అమెరికా కార్ల పందేల సంస్థ నాస్కార్ పెద్దలు పడినంత శ్రమ ఏ ఆటలోనూ ఎవరూ పడి ఉండరు. దండం పెట్టాల్సిందే.

2003లో మ్యాట్ కెన్సెత్ ఒకే ఒక్క రేసు గెలిచి, మిగతావాటిలో నిలకడగా పాయింట్లు పోగేసుకుని కప్పు కొట్టాడు. 8 రేసులు గెలిచిన ర్యాన్ న్యూమన్‌ది ఆరో స్థానం. గెలుపుకి గట్టిగా నాలుగు పాయింట్లు పెంచితే పోయేది. ఎలుక ఉందని ఇల్లు తగలబెట్టారు. 2004లో 'ఛేజ్' అంటూ చివరి 10 రేసులకు లెక్కంతా తిరగరాశారు. అదీ చాలక 2014 నుంచి 16 మందిలో కొందరిని విడతలవారీగా ఇంటికి పంపి, మిగిలిన నలుగురినీ ఆఖరి రేసులో తేల్చుకోమన్నారు. 2017లో ప్రతి రేసునూ స్టేజీలుగా కోశారు. స్టేజీ అయిపోగానే, ట్రాక్ మీద చీమ కూడా చిటుక్కుమనకపోయినా, పసుపు జెండా ఊగుతుంది, కార్లన్నీ నెమ్మదించి మళ్లీ ఒకచోట చేరతాయి. ముందున్నవాడు చెమటోడ్చి సంపాదించిన ఆధిక్యం గంగపాలు.

    

ఇక ఫలాలు చూడండి. 2024లో జోయీ లొగానో షార్లట్ రేసుతో కప్పు పోటీలోంచి ఔటైపోయాడు. రేసయ్యాక అలెక్స్ బౌమన్ కారు తూకంలో తక్కువ తేలింది. బౌమన్ బయటికి, లొగానో లోపలికి. నెల తిరిగేసరికి లొగానో ఛాంపియన్! ఆ ఏడాది అతని సగటు స్థానం 17 దాటింది. ఆ త్రాసుకీ ఒక కప్పు ఇవ్వాల్సింది.

2025లో ఫీనిక్స్‌లో జరిగిన ఆఖరి రేసు గురించి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. డెన్నీ హామ్లిన్ 208 ల్యాపులు అందరికంటే ముందున్నాడు. మరో మూడు ల్యాపులైతే కప్పు చేతికొచ్చేది. విలియం బైరన్ టైరు పోయింది, పసుపు జెండా లేచింది. పిట్‌లో హామ్లిన్ నాలుగు టైర్లూ మార్పించుకున్నాడు. కైల్ లార్సన్ రెండే మార్పించుకుని ముందుగా బయటపడ్డాడు. రేసు ర్యాన్ బ్లేనీది. తేల్చుకోవాల్సిన నలుగురిలో అందరికంటే ముందు, మూడో స్థానంలో వచ్చిన లార్సన్‌కి కప్పు. ఆ రోజు ఒక్క ల్యాపైనా అతను ముందున్న పాపాన పోలేదు. కుర్రాడి తప్పేం లేదు, నిబంధనలు అలా ఉంటే ఎవరైనా అలాగే ఆడతారు.

ఇప్పుడు 2026లో కొత్త సంస్కరణ వచ్చింది. దాని పేరు ఛేజ్! 16 మంది, చివరి 10 రేసులు, మధ్యలో ఇంటికి పంపడాలు లేవు. గెలుపుకి 40 పాయింట్లు ఉండేవి, 55 చేశారు. ఇంత చిన్న సంగతి తట్టడానికి 22 ఏళ్లు పట్టింది. ఈలోగా హామ్లిన్ వచ్చాడు, 2025 ముగిసేసరికి 60 రేసులు గెలిచాడు, 45 ఏళ్లు కూడా నిండాయి. కప్పులు మాత్రం సున్నా.