చెరగనంటే చెరగను

మా వాళ్లలో వయసును ఏళ్లతో కొలవరు, ఎన్నిసార్లు చెరిపి రాశారన్నదే లెక్క. ఆ లెక్కన నేను పండు ముసలిని. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, 1 మిల్లీమీటరు మందం, 32 జీబీ. అట్ట మీద మైక్రో ఎస్‌డీహెచ్‌సీ అని రాసుంటుంది గానీ మా తెనాలిలో అందరికీ నేను చిప్పునే. వంశం మాత్రం గొప్పది. తోషిబాలో ఫుజియో మసువోకా బృందం 1987లో లోకానికి చూపించిన నాండ్ ఫ్లాష్ మాకు మూలం. 1999లో తోషిబా, శాన్‌డిస్క్, నేటి పానాసోనిక్ అయిన మత్సుషిత కలిసి ఎస్‌డీ కార్డుకు రూపం పోశాయి. నేను ఆ ఇంట్లో చిన్న సైజు సంతానం.

మొదట నన్ను కొన్నది ఒక కిరాణా కొట్టు పెద్దాయన కూతురు, తన ఫోన్లోకి. తొలి నింద కూడా అక్కడే మోశాను. బోలెడు ఖాళీ ఉన్నా ఒక సినిమా ఎక్కలేదు. "దొంగ చిప్పు అంటగట్టాడు" అని ఆ పిల్ల అమ్మినవాణ్ణి తిట్టిపోసింది. పాపం, అతని తప్పూ లేదు, నాదీ లేదు. ఫ్యాట్32 పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి, ఆ సినిమా దాటింది. దొంగ చిప్పుల సంగతి వేరు. లోపల 8 జీబీయే పెట్టి, 128 ఉన్నాయని ఫోనుకు అబద్ధం చెప్పేలా కంట్రోలరును దిద్ది అమ్ముతారు. మొదట బాగానే ఎక్కుతుంది, తర్వాత రాసింది గల్లంతవుతుంది, లేదంటే పాతదాని మీదే పడుతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రాముతో నిండా రాసి తిరిగి చదివిస్తే గానీ బండారం బయటపడదు. ఆ జాతితో నన్ను కలిపినందుకు నాకిప్పటికీ కోపమే.

తర్వాత ఆ అమ్మాయి కార్డు దూర్చే చోటే లేని కొత్త ఫోను కొనుక్కుంది. నేను వాళ్ల నాన్న కొట్లో, గల్లాపెట్టె పైన బిగించిన వైఫై కెమెరాలోకి చేరాను. నేను అరిగిపోయింది అక్కడే.

కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తుందనుకోండి, రోజుకు 21.6 జీబీ. అంటే ఒకటిన్నర రోజుకొకసారి నన్ను పూర్తిగా చెరిపి మళ్లీ మొదటినుంచి రాయడమే. రాయడం నాకు తేలిక, పేజీల చొప్పున రాసుకుంటూ పోతాను. చెరపడమే గండం. ఒక మూలనున్న అక్షరం తీయాలన్నా పలకంతా తుడవాల్సిందే, మా భాషలో ఆ పలక పేరు బ్లాకు. ప్రతి తుడుపుకూ పెద్ద వోల్టేజీతో ఎలక్ట్రాన్లను సన్నని ఆక్సైడ్ పొరలోంచి లాగాలి. లాగినకొద్దీ పొర దెబ్బతింటుంది. గదికి ఒక్క బిట్టు పెట్టుకున్న పాత ఎస్‌ఎల్‌సీ చిప్పులు లక్ష తుడుపులు తట్టుకునేవి. గదికి మూడు బిట్లు కుక్కిన మా తరానికి ఆ భాగ్యం లేదు, మా లెక్క వేలల్లోనే. చెడిన బ్లాకు స్థానంలో దాచి ఉంచిన బ్లాకును తెచ్చి కంట్రోలరు కొంతకాలం నెట్టుకొచ్చింది. ఆ నిల్వ కూడా అయిపోయాక, సంక్రాంతికి ముందు ఒక రాత్రి, రాతకు తలుపు వేసేసింది. దీన్ని రోగమనుకోవద్దు. ఇంకో తుడుపుకు పోతే ఉన్నది కూడా పాడవుతుంది కాబట్టి, ఉన్నదాన్ని కాపాడే ఏర్పాటిది.

ఈ సంగతి కెమెరా ఎవరికీ చెప్పలేదు. యాప్‌లో బొమ్మ కదులుతూనే ఉంది, ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. నెలకోసారైనా పాత రికార్డింగు తెరిచి తేదీ చూసుకునే అలవాటు ఆ ఇంట్లో ఒక్కరికీ లేదు.

ఎండాకాలంలో ఒక రాత్రి కొట్టు వెనక తలుపు తీసి ఎవరో నూనె డబ్బాలు ఎత్తుకెళ్లారు. పెద్దాయన నన్ను జేబులో వేసుకుని సెల్ షాపు కుర్రాడి దగ్గరికి వచ్చారు.

"అడాప్టరు లాకు పడిందేమో బాబాయ్" అని కుర్రాడు నన్ను దూర్చిన అడాప్టరు పక్కనున్న బుడిపెను పైకీ కిందికీ జరిపాడు. ఆ బుడిపెకూ నాకూ తీగ సంబంధమే లేదు, అదెక్కడుందో చూసి రీడరే అర్థం చేసుకోవాలి. చాలా కార్డుల జబ్బు అక్కడే తీరిపోతుంది, నాది తీరలేదు. రబ్బరుతో నా కాంటాక్టులు రుద్దాడు. తర్వాత కాపీ కూడా తీయకుండా ఫార్మాట్ కొట్టాడు, చూసి ఒళ్లు మండింది. కేవలం ఫైల్ సిస్టమ్ చెడి ఆగిన కార్డయితే ఆ దెబ్బకు ఫైళ్ల జాబితా మొత్తం పోయేది. కంప్యూటరు "పూర్తయింది" అంది. తీసి మళ్లీ పెడితే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాములో రీడ్ ఓన్లీ తీసెయ్యమన్నాడు. తీసేశానని జవాబొచ్చింది, ఆ కిందనే ప్రస్తుత స్థితి రీడ్ ఓన్లీ అనీ చూపించింది.

అప్పుడు రికార్డింగు తెరిచాడు. మధ్యాహ్నం పూట, ఖాళీ కొట్టు, గల్లాపెట్టె వెనక పెద్దాయన గుప్పుగుప్పున పొగ వదులుతున్నారు.

"మానేశానని పిన్ని దగ్గర ఒట్టేశావుగా బాబాయ్?"

"ముందది డిలీట్ చెయ్యరా!"

చేశాడు, పోయింది. తీసి పెట్టాడు, మళ్లీ పొగ. ఇంకోసారి చేశాడు, ఇంకోసారి పొగ. నేను మొండికేశానని పెద్దాయన అనుకున్నారు గానీ, కంప్యూటరు తన దగ్గరున్న జాబితాలో కొట్టేసి మురిసింది, నాలో ఒక్క అక్షరం మారలేదు.

"దీని పని అయిపోయింది బాబాయ్. చదువుతుంది, రాయదు. కెమెరాలకని హై ఎండ్యూరెన్స్ కార్డులు వేరే వస్తాయి, అది వేసుకో."

"ఇందులోది పోయే దారే లేదా?"

"కత్తెరతో ముక్కలు చెయ్యడమే."

"మరి దొంగ?"

"వాడొచ్చేనాటికి ఇది రాయడం ఎప్పుడో మానేసింది. ఇందులో ఉన్నది నువ్వే."

పెద్దాయన కత్తెర అడిగారు. కుర్రాడు డ్రాయరు కెలుకుతుంటే స్క్రూ డ్రైవర్లూ, ఉబ్బిన బ్యాటరీలూ వస్తున్నాయి గానీ కత్తెర రాలేదు. ఈలోగా బయట ఆటో ఆగింది. "ఏమండీ, దొంగ దొరికాడా?" అంటూ పెద్దాయన భార్య లోపలికొచ్చారు.

"దొరికాడు పిన్నీ" అన్నాడు కుర్రాడు, నన్ను మళ్లీ రీడర్లో పెడుతూ.