ఆరు టైర్ల సన్యాసం

సంసారం మీద విరక్తి పుట్టినవాడు పూర్వం కాషాయం కట్టి కాశీకి పోయేవాడు. ఇప్పుడు ఆటోనగర్‌కు పోతున్నాడు. ఏదో కంపెనీ ఉద్యోగులను ఏళ్ల తరబడి మోసి అరిగిపోయిన షటిల్ బస్సును సెకండ్ హ్యాండ్‌లో కొంటాడు. సీట్లు పీకిస్తాడు, మంచం బిగిస్తాడు, కిటికీకి దీపాల తోరణం కడతాడు. ఆ తర్వాత ‘ఇల్లు వదిలేశాం, దేశమే మా ఇల్లు’ అని వీడియో పెడతాడు. దాని కింద జనం దండాల మీద దండాలు పెడతారు. ఇన్నాళ్లూ ఇదంతా బెంగళూరు గోల, కేరళ గోల అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడది పాలమూరు గడ్డ మీదికి వచ్చింది. అచ్చంపేట దాటి బల్మూరు దాకా వచ్చి, మా ఇంటి ముందరి వేపచెట్టు కిందే ఆగింది. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

వీళ్లు చెప్పే సుఖాలు మీరూ వినే ఉంటారు. అద్దె బాధ లేదట. నిజమే, హైదరాబాద్ కొండాపూర్‌లో ఉన్న ఫ్లాటుకు అద్దె వస్తుంది కానీ వీళ్లు కట్టేది లేదు. తక్కువ సామానుతో బతకడం నేర్చుకున్నారట. ఆ తక్కువ సామానులో ప్రొజెక్టరు, డ్రోను, కాఫీ గింజలు పట్టే మిషను, కుక్కకు వేరే పరుపు ఉన్నాయి. ప్రకృతి ఒడిలో నిద్రట. ఏప్రిల్‌లో పాలమూరు ఎండకు ఇనుప బస్సులో కన్ను మూతపడాలంటే ఏసీ కావాలి, ఏసీకి బ్యాటరీలు కావాలి, బ్యాటరీలకు టాపు మీద సోలార్ ప్లేట్లు కావాలి, అవీ చాలకపోతే జనరేటరు కావాలి. ఒడి ప్రకృతిదే గానీ జోలపాట జనరేటరుది.

చట్టం ఊసు మాత్రం నేను చూసిన ఏ వీడియోలోనూ రాలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కాయితంలో ఉన్న వివరాలు తారుమారయ్యేలా బండిని మార్చకూడదు. రవాణా శాఖ అనుమతి తెచ్చుకుని, కాయితం మార్పించుకోవాలి. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అడ్డదారిన మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలో, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానానో, రెండూనో. మంచం ఒక మార్పు, వంటగట్టు ఒక మార్పు, టాపు మీద ప్లేట్లు ఒక మార్పు. లెక్క మీరే వేసుకోండి. సన్యాసానికి ఆర్టీవో సంతకం కావాలని శాస్త్రాల్లో రాయలేదు కాబట్టి వీళ్లకు తెలిసి ఉండకపోవచ్చు.

అవన్నీ పక్కన పెట్టండి. నాది ఒక్కటే అనుమానం. పొద్దున్నే బస్సు లెట్రిన్‌లో పోయింది, బయట ఎక్కడికి పోతుంది?

వేపచెట్టు కింద బస్సు ఆపినవాడు మా చెల్లె కొడుకే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. “మామా, దీంట్ల లేనిదంటూ లేదు” అని చెయ్యి పట్టుకుని లోపలంతా తిప్పి చూపించాడు. రెండు పొయ్యిల స్టవ్వు, స్టీలు సింకు, చిన్న ఫ్రిజ్జు, గోడకు మడిచే బల్ల. సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ అరల్లో పప్పు డబ్బాలు దొర్లకుండా అడ్డంగా రబ్బరు తాళ్లు. వెనకాల, ఒకప్పుడు ఆఖరి వరస సీటు ఉన్నచోట, బీరువా తలుపులాంటిది తీస్తే లెట్రిన్. కూర్చుంటే మోకాళ్లు తలుపుకు ఆనుతాయి. చూపించడం అయిపోయాక అల్లుడు మూడంటే మూడే అడిగాడు. కరెంటు ప్లగ్గు, మోటారు నీళ్లు, మా బాత్రూం.

“మరి నీ దాంట్ల ఉన్నదేంది?”

“అది అర్జెంటుకే మామా. నిండితే మళ్ల ఖాళీ చెయ్యాలె గద.”

“ఏడ చేస్తవ్ రా?”

అల్లుడు బస్సు టైరు వైపు చూస్తూ అన్నాడు: “ఏడనో ఒక కాడ.”

ఈ మహోద్యమం మొత్తం ఆ ‘ఏడనో ఒక కాడ’ మీదే నిలబడి ఉంది. ఆ లెట్రిన్ కింద సూట్‌కేసులా బయటికి లాగే ఒక డబ్బా ఉంటుంది. దాదాపు 20 లీటర్లు పడుతుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరికి రెండు మూడు రోజులకు సరి. వాసన రాకుండా దాంట్లో నీలం రంగు మందు పోస్తారు. అమెరికాలో, యూరప్‌లో ఈ డబ్బాలు గుమ్మరించడానికి క్యాంపుల్లో ప్రత్యేకంగా చోట్లు కట్టారు. మనం బస్సు నమూనా తెచ్చుకున్నాం, పరుపు నమూనా తెచ్చుకున్నాం, తోరణం నమూనా కూడా తెచ్చుకున్నాం. గుమ్మరించే చోటు మాత్రం తెచ్చుకోలేదు. అందుకని ఒకడు పెట్రోలు బంకు లెట్రిన్‌లో పోస్తానంటాడు. దాన్ని కడిగేది ఎవరో వాడికి అక్కర్లేదు. ఇంకొకడు అడవిలో గుంత తీసి పూడుస్తానంటాడు.

ఏ అడవి నాయనా? శ్రీశైలం దారిలో ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దేశమంతా తన ఇల్లే అన్నవాడిని కూడా రాత్రి 9 గంటలకు మన్ననూరు చెక్‌పోస్టు ఆపేస్తుంది. పొద్దున 6 దాకా గేటు ఎత్తరు. పులికి రాత్రి తిండి, దారి ఉండాలి కాబట్టి ఆ నియమం. ఆ తొమ్మిది గంటలూ గేటు ఇవతల పడుకున్నవాడి డబ్బా తెల్లారేసరికి ఎట్లా తేలికైందో మర్యాదస్తులు అడగరు. లోపల చెంచు పెంటలున్నాయి, అంటే చెంచుల గూడేలు. వాళ్లు తాగేది ఆ వాగుల నీళ్లు, ఊటల నీళ్లు. నీలం మందు అక్కడికి చేరితే వీడియోలో కనిపించదు.

స్వచ్ఛ భారత్ రోజులు గుర్తున్నాయా? 2014 నుంచి ఐదేళ్లపాటు దేశంలో చాలాచోట్ల తెల్లారగట్ల చెంబు పట్టుకుని పోయేవాళ్ల వెంటపడి విజిళ్లు ఊదారు, ఫొటోలు తీశారు, సిగ్గు తీశారు. లెట్రిన్ కట్టుకోమని ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చారు. 2019 అక్టోబర్ 2న బహిర్భూమి అలవాటు దేశంలో పోయిందని ప్రకటించారు. చెంబు పట్టుకుపోయిన ముసలవ్వది అనాగరికం. డబ్బా పట్టుకుపోయిన ఇంజనీరుది సాహసం. అవ్వది భూమిలో కలిసేది, వీడి మందు అంత తేలిగ్గా కలవదు. విజిల్ ఎవరి మీద ఊదాలో మీరే చెప్పండి.

ఇంకో మాట కూడా అనేస్తాను. తన డబ్బా తానే మోసుకుపోయి గుమ్మరించినందుకు ‘నా అహంకారం కరిగిపోయింది’ అని పది నిమిషాలు మాట్లాడాడు ఒక మహానుభావుడు. ఈ దేశంలో కొన్ని కులాల నెత్తిన తరతరాలుగా ఊళ్ల డబ్బాలన్నీ పెట్టాం. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో మరోసారి చట్టం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా ఆ పని చేసేవాళ్లు సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ఊపిరాడక చచ్చిపోతూనే ఉన్నారు. పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు. వాళ్ల అహంకారం ఎన్నిసార్లు కరగాలి?

ఇక నవ్వులాట చాలు.

ఫుల్‌టైమ్ ట్రావెల్ ఎట్లా చేయాలో పాలమూరుకు నేర్పుతారా? దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా, కాలువ తవ్వినా, అక్కడ పాలమూరు లేబర్ ఉండాల్సిందేనని పేరు పడ్డ జిల్లా ఇది. కృష్ణ పక్క నుంచే పోతున్నా చేలు ఎండిపోయిన జిల్లా. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి, లారీలో ఎక్కించి తోలుకుపోయేవాడు. ముసలోళ్లనూ బడికి పోయే పిల్లలనూ ఇంటికాడ వదిలి, చంటిదాన్ని చంకనేసుకుని పోయేవాళ్లు. పని దగ్గర నాలుగు కట్టెలు పాతి, పైన పట్టా కప్పి, మూడు రాళ్లు పెడితే అదే ఇల్లు. పని అయిపోతే ఆ ఇల్లు మడిచి ఇంకో రాష్ట్రం. పీర్ల పండుగకు రావడం, బాకీ తీరక మళ్లీ పోవడం. మినిమలిజం అంటే అదీ. వాళ్లలో ఒక్కరు కూడా ‘దేశమే మా ఇల్లు’ అనలేదు. ఇల్లు ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు. అందులో ఉండే యోగం లేదు, అంతే.

వాళ్ల కోసం చట్టం చేయలేదా అంటే, ఎందుకు చేయలేదు? 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. ఉండటానికి తగిన వసతి కాంట్రాక్టరే చూపాలన్నారు. పోను రాను ఖర్చు ఇవ్వాలన్నారు. ఊరు విడిచినందుకు నెల కూలిలో సగం అదనంగా ఇవ్వాలన్నారు. ఎంత ముచ్చటైన చట్టం! 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన తర్వాత ఆ చట్టం ఏ బీరువాలో ఉందో గానీ, అది కాపాడాల్సిన మనుషులు పిల్లలను భుజాన వేసుకుని హైవేల మీద నడిచారు. మనమూ తక్కువ తిన్నవాళ్లం కాదు. మన ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలు నడుము వంచి దూరే గుడిసెల్లో కాపురం చేస్తున్నాయి.

పాలమూరు కన్నా ముందునుంచి తిరుగుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. బుడగ జంగాలు, గంగిరెద్దులవాళ్లు, దొమ్మరులు, మందులవాళ్లు. ఒకచోట నిలవకుండా తిరిగే తెగల్లో చాలావాటిని బ్రిటిష్‌వాళ్లు 1871 చట్టంతో పుట్టుకతోనే నేరస్థుల లెక్కలో రాశారు. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోకుండా కదలడానికి వీల్లేదన్నారు. 1952లో ఆ చట్టం పోయింది, అనుమానం పోలేదు. ఊళ్లో దొంగతనమైతే ఇప్పటికీ మొదట చూసేది ఊరవతలి డేరా వైపే. పిల్లకు కుల సర్టిఫికెట్ కావాలని ఎమ్మార్వో ఆఫీసుకు పోతే ‘మీ స్థిర నివాసం ఏది’ అని అడుగుతారు. అదే మనవాడు బస్సు దిగి ‘నాకు స్థిర నివాసం లేదు’ అంటే చుట్టూ మూగి సెల్ఫీలు దిగుతారు.

ఈ పిచ్చి ఎక్కడినుంచి దిగుమతి అయిందో ఆ అమెరికా సంగతి కూడా చూడండి. 2008లో మార్కెట్ కూలి ఇండ్లు పోగొట్టుకున్నవాళ్లు, పెన్షన్ చాలని అరవై ఏళ్లు దాటినవాళ్లు వ్యాన్లలో కాపురం పెట్టారు. సీజనుకో గోదాములో, పంట చేలలో కూలి చేశారు. వాళ్లతో కలిసి తిరిగి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నొమాడ్‌ల్యాండ్’ పుస్తకం రాసింది. దాని ఆధారంగా తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఇల్లు పోయిన ముసలమ్మ కథ అది. మనవాళ్లు అది చూసి దీపాల తోరణం కొనుక్కున్నారు.

సర్కార్లూ సంబరంగా ఉన్నాయి. కేరళ 2021లో క్యారవాన్ పాలసీ తెచ్చింది. క్యారవాన్ పార్కులకు దారి వేసింది. మన దగ్గరా ఆ మాట మొదలైంది. రేపు ఒక్కో బస్సు ఆగే జాగాకు నీళ్లు, కరెంటు, మురుగు పైపు ఇస్తారు. ఇవ్వండి. కానీ ఆ మూడూ ముందు అడ్డా కూలీలకు, బట్టీ కూలీలకు, డేరా మనుషులకు ఇచ్చి ఆ తర్వాత ఇవ్వండి. మా బల్మూరు మండలంలోనే, మైలారం గుట్టను తవ్వొద్దని 2025 జనవరిలో జనం దీక్షలకు కూర్చోవాల్సి వచ్చింది. ఉన్న ఊళ్లో ఉండనిమ్మని అడిగినవాడికి పోలీసు బందోబస్తు, ఊరు వదిలేశానన్నవాడికి పార్కింగ్ సబ్సిడీ ఎక్కడి న్యాయం?

పాత బస్సు చేత కాని పనేమీ లేదు. కరోనా వచ్చిన 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ ఇంద్ర బస్సులను సంజీవని పేరుతో పరీక్షా కేంద్రాలుగా మార్చి ఊళ్లకు పంపారు. అదే ఏడాది తెలంగాణ ఆర్టీసీ పాత బస్సుల సీట్లు తీసి సరుకు రవాణాకు పెట్టింది. అక్కడా సీట్లు పీకారు, నలుగురికి పనికొచ్చే పనికి పీకారు. 26 మంది కూర్చునే బస్సులో ఇద్దరూ ఒక కుక్కా పడుకోవడానికి పీకలేదు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చిన నాటినుంచి బస్సుల్లో రద్దీ పెరిగింది, చదువుకునే ఆడపిల్లలు పోటెత్తారు. మంచిదే. అంతగా పెరగనిది బస్సుల లెక్క. పొద్దున పూట ఫుట్‌బోర్డు మీద ఒక్క కాలు పెట్టి వేలాడే పిల్లలను చూసినవాడికి, ఖాళీ బస్సులో పరుపు చూస్తే కడుపు మండుతుంది. నాకు మండింది.

అందుకే కొనబోయేవాళ్లకు చేతులు జోడించి ఒక్కటే మనవి. సీట్లు పీకే ముందు ఒకరోజు కాలేజీ టైముకు బల్మూరు నుంచి అచ్చంపేట బస్సెక్కండి. సీటు దొరకదు, నిలబడే పోండి. దిగాక కూడా బస్సును చూస్తే మీకు మంచమే గుర్తొస్తే, కొనుక్కోండి, ఆపను. డబ్బాను మాత్రం ‘ఏడనో ఒక కాడ’ గుమ్మరించకండి. కొండాపూర్‌లో మీ ఫ్లాటుంది కదా, అక్కడికి పట్టుకుపోయి గుమ్మరించుకోండి.