కొమ్మ ఊపిందెవరు?

అసూయ చాలా చెడ్డది పిల్లలూ! దాని మీద ఒక వ్యాసం రాయండి. బాగా రాసినవాడికి 'ఎ' గ్రేడు, రాయలేనివాడికి 'సి'. ఎవడికెంతొచ్చిందో రేపు పోల్చి చూసుకోండి.

జాన్ నోల్స్ 1959లో వెలువరించిన 'ఎ సెపరేట్ పీస్' నవలకు అమెరికా బడుల్లో పట్టిన గతి ఇది. దశాబ్దాలుగా పాఠం చెబుతున్నారు. చివర్లో అడిగేది ఒకటే: కథానాయకుడు జీన్ దోషా, కాదా? పదహారేళ్ల కుర్రాణ్ని బోనెక్కించడమంటే పెద్దవాళ్లకు ఎంత హాయి!

కథ జరిగేది న్యూహాంప్‌షైర్‌లో, డెవన్ అనే హాస్టల్ బడిలో. నోల్స్ తాను చదివిన ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీకే పేరు మార్చి కథలో పెట్టాడు. బాలురుగా వచ్చి పురుషులై వెళ్లండని గుమ్మం మీద లాటిన్‌లో చెక్కించుకున్న ఘన విద్యాలయం! అది 1942 వేసవి. జీన్‌కు క్లాసు ఫస్టు రావాలి. అతని రూమ్మేట్ ఫిన్నీకి ఆటలే లోకం. ఓ రోజు ఈత కొలనులో బడి రికార్డు బద్దలుకొట్టి, ఎవరికీ చెప్పకురా అన్నాడు. చెప్పకూడదా? మరి కొట్టడం దేనికి? బోర్డు మీద పేరెక్కడమే బతుకని నేర్చినవాడికి ఆ మాట ఏ భాషలో అర్థం కావాలి? వీడు నాకు పోటీ, నా చదువు చెడగొట్టడానికే రోజూ ఆటలకు లాక్కుపోతున్నాడు అని లెక్కగట్టాడు జీన్. లెక్క కుదిరింది. మనసు కుదుటపడింది. పోటీదారుంటే ఎంత ధైర్యం!

తీరా ఓ సాయంత్రం గుట్టు తేలింది. ఫిన్నీకి అసలు పోటీ గొడవే పట్టదు. చదువుకోవాలంటే చదువుకో, నువ్వు చదవకుండానే గట్టెక్కుతావనుకున్నా అన్నాడు. అంతే. కాసేపటికే, దూకడానికని ఇద్దరూ ఎక్కిన చెట్టు మీద జీన్ మోకాళ్లు వంచాడు. కొమ్మ ఊగింది. ఫిన్నీ కింద పడ్డాడు. కాలు నుజ్జయింది.

గమనించారా? శత్రువనుకున్నన్నాళ్లూ ముట్టుకోలేదు. శత్రువు కాడని తెలిశాక పడేశాడు. తన పరుగుపందెంలో లేనివాణ్ని భరించలేకపోయాడు. తర్వాత జీన్ అదే ఫిన్నీ గులాబీరంగు చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి, హమ్మయ్య, నేను ఫిన్నీనైపోయా అని మురిసిపోయాడు. తానెవరో చెప్పడానికి ర్యాంకు తప్ప ఏమీ ఇవ్వకపోతే పిల్లాడు పక్కవాడి చొక్కాలో దూరక ఏం చేస్తాడు?

మరి బడి ఏం చేస్తోంది? మునిగే ఓడలోంచి దూకే సాధన అంటూ పై తరగతివాళ్లను అదే చెట్టు మీంచి దూకించింది బడే. కిందివాళ్లు ఎక్కితే చూసినవాడు లేడు. టీ పార్టీకి ఫిన్నీ బడి టైని బెల్టులా కట్టుకొస్తే మాత్రం కళ్లన్నీ అటే! కాలు విరిగితే? ప్రమాదం. ఫైలు మూత. అయ్యవార్లు అడగని ప్రశ్న చివరికి పిల్లలే అడిగారు. రాత్రిపూట నల్లగౌన్లు తొడుక్కుని దొంగ కోర్టు పెట్టారు. తట్టుకోలేక బయటికి ఉరికిన ఫిన్నీ పాలరాతి మెట్ల మీద పడ్డాడు. అదే కాలు మళ్లీ విరిగింది. ఎముక సరిచేస్తుంటే మజ్జ గుండెకు చేరి ప్రాణం పోయింది. చదువులు ఆగాయా? ఎందుకాగుతాయి? వేసవికి ప్రాంగణంలోకి సైన్యం కుట్టుమిషన్లతో సహా దిగింది, పారాచూట్లు సర్దడానికి. ఓ తండ్రిగారు విచ్చేసి, యుద్ధంలో ఏం వెలగబెట్టావని రేపు లోకం అడుగుతుంది నాయనా, మంచి జవాబు చూసుకో అని హితబోధ చేశారు. చచ్చినవాడి ఊసు? అబ్బే.

ఎక్కడో అమెరికా గోల, మనకెందుకంటారా? నిజమే. మన దగ్గర చెట్లు కూడా లేవు. అపార్ట్‌మెంటునే కాలేజీ అంటాం. టీవీ పెడితే ఒకటి! ఒకటి! ఒకటి! అని కేకలు. వారాంతం పరీక్ష, సోమవారం సెక్షను మార్పు. నిన్నటి స్నేహితుడు ఇవాళ కింది సెక్షను. విద్యార్థుల ఆత్మహత్యలపై ప్రభుత్వం నీరదారెడ్డి కమిటీని వేసింది 2001లో. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు చెప్పింది 2024 జనవరిలో. దానికేం, 'మాది కోచింగ్ సెంటర్ కాదండీ, కాలేజీ!' అంటే సరి.

యాజమాన్యాలను తిట్టి చేతులు దులుపుకుందామా? ఆగండి. ఆదివారం హాస్టల్ ఫోన్ దగ్గర క్యూ కట్టిన పిల్లలకు ఇంటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న 'తిన్నావా?' రెండోది 'నీ పక్క మంచం వాడికెన్నొచ్చాయి?' ఆ పక్క మంచం వాడి మార్కులు ఫిజిక్సు, కెమిస్ట్రీ విడివిడిగా మీకు కంఠతా వచ్చే ఉంటాయి. వాడి పేరేమిటో చెప్పండి చూద్దాం?