ఆసియాన్‌లో చేరితే పోలా!

సింగపూర్ నుంచి చైనాలోని కున్మింగ్ దాకా రైలు నడపాలని ఆసియాన్ దేశాలు 1995లో అనుకున్నాయి. కంబోడియా, వియత్నాం మధ్య ఇప్పటికీ పట్టాల్లేవు. పాపం, దేశాలు వేరు, కరెన్సీలు వేరు, చివరికి పట్టాల వెడల్పూ వేరే. ఆలస్యమైందంటే అర్థముంది.

మరి మన హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమాకు మెట్రో వేయడానికి ఏమడ్డం? వీసా అడిగేవాడు లేడు. ఉన్నది మూసీ ఒక్కటే, దాన్ని కుతుబ్‌షాహీలు 1578లోనే పురానాపూల్ కట్టి దాటేశారు. జేబీఎస్‌లో బయల్దేరిన మెట్రో 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. మిగిలింది 5.5 కిలోమీటర్లు. 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత లైను చాంద్రాయణగుట్ట దాకా పెరిగి 7.5 కిలోమీటర్లయింది, కాగితం మీద. రోడ్డు వెడల్పు పేరిట దుకాణాలు మాత్రం నిజంగానే కూలాయి.

అవతల ఆసియాన్ దేశమైన లావోస్‌లో కొండల్ని తొలిచి 414 కిలోమీటర్ల రైలుమార్గాన్ని ఐదేళ్లలో, 2021 డిసెంబరుకల్లా పూర్తిచేశారు. పాతబస్తీ నేరుగా ఆసియాన్ సభ్యత్వానికే దరఖాస్తు పెట్టుకోవడం మేలు. ఇక్కడైతే ఆలు లేదు, చూలు లేదు, స్టేషన్ పేరు చార్మినార్!