సివిలా, క్రిమినలా?

ఏ జిల్లా కోర్టుకైనా వెళ్లండి, గేటు ముందు ఒక టీ బండి, దాని పక్కన స్టూలు మీద ఒక గుమాస్తా గారు కనిపిస్తారు. ఏ లాయరు గారి గుమాస్తా అని మాత్రం అడక్కండి. ఎవరి దగ్గరా చేరలేదు, ఎవరి దగ్గరా మానలేదు. రెక్సిన్ సంచీలో ఖాళీ వకాల్తాలు, కోర్టు ఫీజు స్టాంపులు, ఎందుకైనా మంచిదని ఓ దువ్వెన.

మా వీధి కుర్రాణ్ణి పోలీసులు పట్టుకెళ్లి రెండు రాత్రులైంది. కేసు రాయలేదు, కోర్టులో పెట్టలేదు. వాళ్లమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను.

"సివిలా, క్రిమినలా?" అన్నారు, గ్లాసు దించకుండానే.

"హక్కుల లాయరు కావాలండీ. సివిల్ రైట్స్..."

"అలా చెప్పండి, సివిల్! సర్వే నంబరెంత?"

పోలీసులు, స్టేషను అని విడమరిచి చెబితే విసుక్కున్నారు. "మరి సివిలంటారేంటండీ!"

ఆయన కళ్లకు నల్లకోట్లన్నీ ఒకటి కావు. అదిగో ఆయన చెక్ బౌన్సు, ఈయన విడాకులు, ఆ మేడమ్ యాక్సిడెంటు క్లెయిములు. హక్కులనేసరికి మొహంలో జాలి కనిపించింది. "ఉన్నాడొకాయన. బోర్డుండదు, స్కూటరు మీదొస్తాడు, ఫీజెంతంటే ఆయనే సిగ్గుపడతాడు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారు ఎప్పుడైతే నల్లకోటు తొడిగారో, ఇక ఈ లైన్లోకి లెక్క చూసుకునేవాళ్లు రావడం మానేశారు."

ఆయన వీపు వెనకే, పాతిక అడుగుల్లో, జిల్లా న్యాయసేవాధికార సంస్థ బోర్డుంది. 1987 నాటి చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా లాయర్నిస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. అదేంటని అడిగితే గొంతు తగ్గించారు. "అక్కడ డబ్బు తీసుకోరండీ. తీసుకోకపోతే పనెలా అవుతుంది?"

ఆ అమ్మకు మాత్రం ఆ మాట వరంలా వినిపించింది. నేను లేచేలోపే బోర్డు కింద ఉంది.

లోపల దొరికింది స్కూటరాయనే. స్టేషనుకొచ్చి గొంతు పెంచలేదు, బల్ల చరచలేదు. "ఎన్ని గంటలకు తీసుకొచ్చారు? 22వ అధికరణం 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టమంది కదా. అరెస్టు మెమో ఏదీ? 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు సాక్షి సంతకం కూడా అడిగిందే!" అంటూ ఒక్కో ప్రశ్నా తెల్లకాగితం మీద రాసుకుంటూ పోయారు. తిట్లకు చలించని స్టేషను ఆ పెన్ను కదలిక చూసి కదిలింది. సాయంత్రానికి కుర్రాడు ఇంట్లో అన్నం తింటున్నాడు.

మర్నాడు సంతకాలేవో ఉంటే మళ్లీ కోర్టుకెళ్లాను. స్టూలు ముందు ఇంకో తల్లి నిలబడి ఉంది. గుమాస్తా గారు నన్ను చూపించారు.

"హక్కుల కేసేనా? నిన్ననే ఒకటి గెలిపించా, వీరినే అడగండి. ఇంతకీ సర్వే నంబరెంత?"